పందిరి పోయె.. ప్యాకేజీ వచ్చె!
ఆడపిల్ల తండ్రిపై పెరుగుతున్న పెళ్లి భారం

తెలంగాణ పల్లెల్లో పెళ్లి ఖర్చుల లెక్క ఒకప్పుడు బియ్యం బస్తాలతో, బట్టల జతలతో మొదలయ్యేది. నేడు ఫంక్షన్ హాలు దొరికిందా అన్నదే మొదటి ప్రశ్న. మౌఢ్యాలు, ఆషాఢం పోను మిగిలిన కొద్దిపాటి ముహూర్తాలకే అందరూ ఎగబడుతుండటంతో హాలు అద్దె మొదలు వంటవారి కూలి వరకు అన్నీ ఒకేసారి కొండెక్కుతున్నాయి. హాలు ఖాళీని బట్టి ముహూర్తం పెట్టించుకునేవారూ లేకపోలేదు.

పూర్వం పందిరి గుంజలు పాతడం, కూరగాయలు తరగడం, వడ్డించడం ఊరివారి పనులే. ఐరేని కుండలు కుమ్మరి ఇంటి నుంచి వచ్చేవి. ఆ ఏర్పాటులో కులాల అంతరాలు ఉన్నమాట నిజమే అయినా, శ్రమకు ప్రతిఫలం చాలావరకు ధాన్యంగానో, బట్టలుగానో ఉండేది. ఇప్పుడు ప్రతి పనికీ రొక్కమే. ఇంటి ముంగిట నలుగు పెట్టి చేయించే మంగళస్నానం సైతం 'హల్దీ' పేరిట పూల అలంకరణలు, ఫొటోగ్రాఫర్లతో ప్రత్యేక వేడుకగా మారింది. సంగీత్, ప్రీ వెడ్డింగ్ షూట్ దానికి తోడయ్యాయి. వీటిలో పిల్లల సరదా ఉంది, కాదనలేం. కానీ పక్కింటివారు చేశాక తాము మానేస్తే వియ్యాలవారి ముందు చులకనవుతామన్న భయమే పెద్దలను ఎక్కువగా నడిపిస్తోంది.

కట్నాన్ని 1961 నాటి చట్టం నిషేధించింది. దాంతో 'పెళ్లి ఘనంగా చేస్తే చాలు' అన్న మాటలోనే కోరికలన్నీ ఇమిడిపోతున్నాయి. నూటికి 2 రూపాయల వడ్డీకి 5 లక్షలు తెచ్చిన రైతుకు ఏడాది వడ్డీయే 1,20,000 రూపాయలు. ఎకరాకు 25 క్వింటాళ్లు పండిందనుకున్నా, 2025-26 ఏ గ్రేడు ధాన్యం మద్దతు ధర 2,389 రూపాయల చొప్పున 2 ఎకరాల పంట మొత్తం అమ్మితే వచ్చేది 1,19,450. పెట్టుబడి తీయకముందే అది వడ్డీకి చాలదు.

కల్యాణలక్ష్మి కొంత ఆసరాయే. 2014లో 51,000 రూపాయలతో మొదలైన ఈ సాయం 2018 నాటికి 1,00,116కు పెరిగింది. అయితే ప్రారంభంలో ఆ సొమ్ముతో 15 గ్రాములకు పైగా బంగారం వచ్చేది. 2025లో 10 గ్రాముల మేలిమి బంగారం ధరే లక్ష దాటింది. చెక్కు సైతం తరచూ పెళ్లయిన నెలల తర్వాతే చేతికందుతుండటంతో అది అప్పటికే పెరిగిన వడ్డీకి జమ అవుతోంది.

ఖర్చు తగ్గుతుందని యాదగిరిగుట్టలో తాళి కట్టించేవారున్నారు. ఊరికి తిరిగొచ్చాక రిసెప్షన్ ఎప్పుడని బంధువులు వారినీ వదలడం లేదు.