పెరటికోళ్ళకు మరల మరల వచ్చు పారుడు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో పెరడుగల ఇంట నాలుగు కోళ్ళు లేకుండుట అరుదు. ఈ కోళ్ళు పేరునకు ఇంటివారివే గాని నిజమునకు ఇల్లాలి సొత్తు. ఆవును అమ్మినపుడు ఆ రొక్కము యజమాని చేతికి పోవును. టమోటా గంపలు అంగళ్ళు మండికి చేరినపుడు ఆ పట్టీయు ఆయన జేబులోనే యుండును. గ్రుడ్లమ్మిన డబ్బు మాత్రము పోపులపెట్టెలో పడును. బిడ్డల పుస్తకములకుగాని, పుట్టింటికి పోవు బస్సు చార్జీకిగాని ఎవరినీ అడుగనక్కరలేని డబ్బు అది యొక్కటియే. కావున పెట్ట గ్రుడ్డు మానినదన్నచో కలుగు నష్టము ఎంత చిన్నదైనను, దానిని భరించునది స్త్రీయే.

ఒక్క వారములో గూడంతయు ఊడ్చుకొనిపోవు తెగులు సంగతి అందఱు ఎఱుగుదురు. మేమిపుడు ముఖ్యముగా వ్రాయబూనినది దానిని గూర్చి కాదు. కోళ్ళు చావవు, బాగుపడవు. రెట్ట పలుచనై వెనుక ఈకలకు అంటుకొనియుండును. మందు వేసిన నాలుగు దినములు తగ్గును, పదునైదు దినములకు మరల వచ్చును. మరల మందు, మరల పారుడు. ఇట్లు నెలలు గడచును. పిల్లలు ఎదుగవు, పెట్టలు గ్రుడ్లు మానును. తుదకు విసిగి ఉన్నవాటిని అయినకాడికి అమ్మివేయుదురు. అంగళ్ళ పేరే పెట్టుకొన్న ఊరిలో, కోడికి జబ్బనగానే మందుల అంగడి గుర్తునకు వచ్చుట వింత గాదు. కాని ఇట్టి మొండి పారుడులో రోగము కోడి కడుపులోకంటె కోడి కాలిక్రిందనే ఎక్కువగా నుండునని మా అభిప్రాయము. నేలను మార్చక మందును మాత్రము మార్చుచుండుట, కారుచున్న ఇంటికి పైకప్పు నేయక క్రింద గిన్నెలు పెట్టుటవంటిది.

మొదట రెట్టను చూచుట నేర్చుకొనవలెను. అసహ్యపడిన లాభము లేదు. పసిబిడ్డను పెంచిన తల్లికి ఇది క్రొత్త విద్యయు గాదు. తెల్లవారి గూడు తెఱచినపుడు కోళ్ళు పండుకొన్న చోట చూచిన రాత్రి సంగతియంతయు తెలియును. ఆరోగ్యముగా నున్న కోడి రెట్ట కొంచెము గట్టిగా, గోధుమ లేక బూడిద రంగున ముద్దగానుండి, దానిపై తెల్లని సున్నమువంటి టోపీ యుండును. ఆ తెల్లనిది కోడి మూత్రము. దానికి వేరుగా మూత్రము లేదు. ఎనిమిది పది సారులకొకసారి జిగటగా, నల్లగా, మిక్కిలి దుర్గంధముతో ఒక రెట్ట పడును. అది ప్రేగు చివరి తిత్తులనుండి వచ్చునది, సహజమైనది. దానిని చూచి భయపడి మందు పోయువారు ఎందఱో గలరు.

నీరువలె పారుచు కోడి చురుకుగానే యున్నచో ఎండకు నీళ్ళెక్కువ త్రాగినదని గాని, నీరుగల మేత తినినదని గాని తలపవచ్చును. మన ప్రాంతమున దీనికి ముఖ్యకారణము టమోటాయే. వెల పడిపోయినపుడు రోడ్డుప్రక్కల పారబోసిన పండ్లను గంపలతో తెచ్చి కోళ్ళకు వేయుదురు. పండిన టమోటా విషము గాదు; కాని అందులో నూటికి తొంబదిపాళ్ళకు పైగా నీరే. కడుపునిండ దానినే తిన్న కోడికి పారక యేమగును? చితికి బూజుపట్టిన పండ్లు అంతకన్న చెఱుపు. మొక్కలు పీకివేసినపుడు ఆకును కాడను కోళ్ళ ముందు వేయనేరాదు, వాటిలో విషపదార్థము కలదు. ఒకటి రెండు మంచి పండ్లు కోసి వేసిన చాలును.

రెట్టలో నెత్తురు కనబడి, కోడిపిల్లలు మూడు మొదలు ఎనిమిది వారముల వయస్సులో నుండి, ఱెక్కలు వ్రేలవేసి మూలనొదిగిన యెడల అది రక్తపారుడు. దానికి కారణము కాక్సీడియా యను కంటికి కనబడని జీవి. తిండి బాగుగా తినుచునే చిక్కి, ఎదయెముక కత్తివలె చేతికి తగులుచు, తలపై జుట్టు పాలిపోయినచో ఏలికపాములను శంకింపవలెను. రెట్టలో బియ్యపు గింజలవంటి తెల్లని ముక్కలు కదలుచున్నచో బద్దెపురుగు. పొదిగిన మొదటి రెండు వారములలోనే పిల్లలకు వెనుక సున్నమువలె గడ్డకట్టి అవి వరుసగా చచ్చుచున్నచో అది తెల్లపారుడు; తల్లిపెట్టనుండి గ్రుడ్డు ద్వారా వచ్చునది. అట్టి పెట్ట గ్రుడ్లను పొదుగవేయరాదు.

ఇక నేల సంగతి. కాక్సీడియా రోగము గల కోడి రెట్టలో గట్టిపెంకుగల కణములు లెక్కకు మించి పడును. చిత్రమేమన, పడిన క్షణమున అవి హానిచేయవు. తడియు, వెచ్చదనమును, గాలియు దొరికినచో ఒకటి రెండు దినములలో పక్వమగును. అపుడు వాటిని మేతతో మింగిన పిల్లకు రోగము పట్టును. కావున ప్రతి ఉదయమున గూడు చిమ్మి రెట్టను దూరముగా వేయు ఇల్లాలు ఆ కణములు పండక మునుపే వాటిని తీసివేయుచున్నది. నాలుగు దినములకొకసారి ఎంత శ్రద్ధగా చిమ్మినను ఈ ఫలము రాదు. అప్పటికే అవి పండియుండును. ఫినాయిలు చల్లిన చచ్చునని కొందఱు నమ్ముదురు గాని సామాన్యపు ఫినాయిలు ఆ పెంకును దాటలేదు. ఎండ, ఎండిన నేల, సలసల మఱగు నీరు, ఇవియే వాటికి శత్రువులు. వానకాలము వెళ్ళి చలి ప్రారంభమగు కార్తీకమాసపు ముసురు దినములలో ఈ రోగము ఎందుకు పెరుగునో దీనినిబట్టి తెలియును.

పెద్దకోళ్ళు కొంచెము కొంచెముగా ఈ కణములను మింగి మింగి రోగమును తట్టుకొను శక్తి సంపాదించుకొనును. చూచుటకు నిండు ఆరోగ్యముతో నున్నను వాటి రెట్టలో కణములు పడుచునే యుండును. కావున పిల్లలను పెద్దవాటితో ఒకే గంపక్రింద మూయుటయు, ఒకే పళ్ళెములో మేత వేయుటయు మానవలెను. హైదరాబాదు రాజేంద్రనగరులోని కోళ్ళ పరిశోధన సంస్థవారు పెరటి పెంపకమునకై రూపొందించిన వనరాజా, గ్రామప్రియ జాతుల పిల్లలు ఇపుడు ఎన్నో ఇండ్లకు చేరినవి. మంచి జాతులే. కాని ఒకే వయస్సు పిల్లలు ఇరువది ముప్పది ఒక్కసారిగా ఇరుకుచోట చేరినపుడు, నాటుపెట్ట వెంట తిరుగు ఎనిమిది పిల్లలకు లేని బాధ వాటికి వచ్చును. మొదటి ఆరు వారములు వాటిని వేఱుగా, పొడిగా, వెచ్చగా ఉంచవలెను. పొట్టు పఱచినచో తడిసిన భాగమును ఎప్పటికప్పుడు ఎత్తివేయవలెను.

ఏలికపాముల గ్రుడ్లు మట్టిలో నెలల తరబడి, ఒక్కొక్కపుడు సంవత్సరమునకు మించి బ్రతికియుండును. బద్దెపురుగు చీమలు, పేడపురుగులు, ఈగల మూలమున చేరును. ఈ రెంటికిని ఒకే మందు పనిచేయదు. పైపరజీను ఏలికపాములకే గాని బద్దెపురుగునకు గాదు. మందు వేసినను ఫలము లేదని వాపోవు ఇండ్లలో ఇది యొక కారణము. కావున రెట్టను చిన్న డబ్బాలో వేసి పశువైద్యశాలకు పంపవలెను. సూక్ష్మదర్శినిలో చూచిన ఏ పురుగో తెలియును. ఊహించి నాలుగు మందులు కొనుటకంటె ఇది చౌక.

గూడు విషయములో మా సలహా యిది. నేలకు అడుగున్నర ఎత్తున వెదురుబద్దలతో అట్టువేసి, సందులనుండి రెట్ట క్రిందికి పడునట్లు చేయవలెను. కోడి తన రెట్టను తాను త్రొక్కకుండిన సగము బాధ తీరును. నీటిపాత్రను కోడి వీపెత్తున ఇటుకలపై నుంచవలెను; నేలమీద పెట్టిన పాత్రలో అది కాళ్ళు పెట్టును, రెట్ట వేయును, చుట్టును బురద చేయును. ఆ బురదయే కాక్సీడియాకు పొదుగుపెట్టె. గింజలను నేలపై చల్లుట మన అలవాటు. పెద్దకోళ్ళ విషయములో మాన్పింపలేము గాని పిల్లలకు మాత్రము తొట్టిలోనే వేయవలెను. గూటిపై ఉదయపుటెండ పడవలెను. కిటికీలేని మట్టిగూడు పిల్లికి, నక్కకు భయపడి కట్టినది. ఆ భయమునకు ఇనుపజాలి చాలును.

మేతలో మనకు రాగులు, సజ్జలు, తవుడు, నూకలు పుష్కలముగా గలవు. వేరుసెనగ గానుగపిండియు గలదు, దీనితోనే జాగ్రత్త. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా సీమకోళ్ళు కారణము తెలియక చనిపోయెను. విచారింపగా బ్రెజిలు దేశమునుండి వచ్చిన వేరుసెనగ పిండిలో ఒక బూజు పెరిగి విషము పుట్టించినదని తేలెను. అఫ్లటాక్సిను అను ఆ విషము అపుడే లోకమునకు తెలిసినది. అది కార్జమును చెఱచును; కోడి మేత తగ్గించును, ఎదుగదు, గ్రుడ్లు తగ్గును, పారుడును పట్టును. బూజుపట్టిన పిండిని ఎండబెట్టినను ఉడికించినను ఆ విషము పోదు. మనుష్యులు తినరాని పుచ్చుకాయలను, బూజు చెక్కను కోళ్ళకు వేయుట పొదుపని తలచువారు ఈ సంగతి గమనింపవలెను. చెక్కను తడితగులని చోట, నేలకు ఎత్తుగా నిలువచేసి, నెలకు సరిపడ మాత్రమే కొనుట మంచిది.

మందుల విషయము కొంత చెప్పక తప్పదు. రక్తపారుడునకు ఆంప్రోలియము అను మందును నీటిలో కలిపి మూడు మొదలు ఐదు దినములు ఇత్తురు. మోతాదు వైద్యుడు చెప్పినంతయే. ఈ మందు పనిచేయు విధము తెలిసికొనదగినది. కాక్సీడియాకు ‘బి’ విటమినులలో ఒకటి ఆహారము. ఆంప్రోలియము అచ్చముగా ఆ విటమినువలె నటించి, అసలుదానిని లోనికి పోనీయదు. జీవి ఆకలితో చచ్చును. అయితే నీరసించిన పిల్లలను చూచి జాలిపడి మనవారు అదే నీటిలో బలమునకని ‘బి’ విటమిను టానిక్కు కలుపుదురు. ఒకచేత ఆకలిపెట్టి మఱియొకచేత అన్నము పెట్టినట్లగును. టానిక్కు మందు ముగిసిన తరువాతనే ఇవ్వవలెను.

మనుష్యులకు మిగిలిన యాంటిబయాటిక్కు గుళికలను పొడిచేసి కోళ్ళకు పోయుట ముమ్మాటికి తగదు. పురుగులకు అవి పనిచేయవు. గ్రుడ్డులో మిగిలి మన బిడ్డల కడుపులోనికే పోవును. ఆపై నిజముగా అవసరమైననాడు ఆ మందులు పనిచేయకపోవును. కోలిస్టిను అను మందును ఆహారమునకు పెంచు జంతువులకు వాడరాదని మన ప్రభుత్వము 2019లో నిషేధించినది ఇందువలననే. ఏ మందు వేసినను ఎన్ని దినములు గ్రుడ్లు తినరాదో వైద్యుని అడిగి అన్ని దినములు ఆగవలెను.

వెల్లుల్లి, పసుపు, మజ్జిగ చెడ్డవి గావు. మజ్జిగ నీళ్ళు నీరసించిన కోడికి కొంత హితము. వాటితో రక్తపారుడు కుదురునని మాత్రము నమ్మి రెండు దినములు పోగొట్టుకొనరాదు. ఆ రెండు దినములలోనే పిల్లలు పోవును. కిరసనాయిలు చుక్కలు నోట పోయుమని ఎవరు చెప్పినను వినరాదు, అది ఊపిరితిత్తులలోనికి దిగును. విపరీతముగా పారుచున్న కోడికి లీటరు నీటిలో అరచెంచా ఉప్పు, ఆరుచెంచాల బెల్లము లేక పంచదార కలిపి, బిడ్డలకు విరేచనములపుడు ఇచ్చునట్లే ఒక దినము ఇచ్చి, ప్రక్కన మంచినీళ్ళును ఉంచవలెను. ఉప్పు మించిన కోడికి విషము.

రెట్ట ఆకుపచ్చగా మాఱి, కోడి నోరుతెఱచి రొప్పుచు, మెడ మెలితిరిగి, ఱెక్క వ్రేలాడినచో అది మొదట చెప్పి విడిచిన ఆ ఊడ్చుకొనిపోవు తెగులే. మనవారు కొక్కెర తెగులందురు. 1926లో ఇంగ్లండునందు న్యూకాసిలు పట్టణమున కనబడిన ఈ వ్యాధి, కొలదికాలమునకే మనదేశమున కుమావూ కొండలలోని రాణిఖేతులో బయటపడి ఆ పేరనే ప్రసిద్ధికెక్కినది. దీనికి మందు లేదు, టీకాయే గలదు. మొదటి వారములోనే కంటిలో లేక ముక్కులో చుక్క. ఎనిమిదవ వారమున చర్మము క్రింద సూది. మంచులో ఉంచి తెచ్చిన టీకా కాకున్న వేసినను వేయనట్లే. కోడికి టీకా యేమిటని నవ్వు అత్తగారులు నేటికిని లేకపోలేదు. క్షయకు బి.సి.జి. టీకాను మనదేశమున 1948లో మొదట వేసినది ఈ మదనపల్లెలోనేయని వారికి చెప్పవచ్చును. టీకాకు వారము పదిదినములు ముందుగా పురుగుల మందు వేయించిన టీకా బాగుగా పట్టును.

ఒకేసారి చాల కోళ్ళు చచ్చినచో వాటిని కోయరాదు, వండరాదు, వట్టి చేతులతో ముట్టరాదు. వెంటనే పశువైద్యునికి తెలుపవలెను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో పక్షిజ్వరము వచ్చిన సంగతి పాఠకురాండ్రకు జ్ఞాపకముండును.

చిమ్మిన రెట్టను ఏమిచేయవలెనని అడుగవచ్చును. పచ్చిరెట్టను మొక్కలకు వేసిన వేళ్ళు మాడును. పెరటి మూలను, కోళ్ళు గోకలేనట్లు కంచెగట్టి, ఎండుటాకులు, బూడిద పొరలుపొరలుగా చేర్చి పోగువేసిన, లోపల పుట్టు వేడికి కణములును పురుగుగ్రుడ్లును చాలవఱకు నశించును. నెలకొకసారి అంచులనున్న దానిని నడుమకు త్రిప్పవలెను. ఆరునెలలు మాగిన పిమ్మట వాసనలేని నల్లని యెరువగును. వంగకు, సొరపాదునకు ఒక్కొక్క దోసెడు చాలును.