నిమిషం విలువ

1995 జూలై 31న కలకత్తా రైటర్స్ బిల్డింగ్ నుంచి నాటి ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీ సంచార్ భవన్‌లో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో సంభాషించారు. మన దేశంలో సెల్యులార్ సేవకు అదే శ్రీకారం. ఆనాడు నిమిషానికి దాదాపు 16 రూపాయల వరకు రుసుము. మనకు వచ్చే కాల్‌కు సైతం మనమే చెల్లించవలసి ఉండేది.

నాబోటి కొత్త ఇంజనీర్లకు అది అందని మ్రానిపండు. రాత్రి రేట్లు తగ్గాక ఎస్టీడీ బూత్ ముందు వరుసలో నిలబడి, ఊళ్లోని అమ్మతో మాట్లాడేవాణ్ణి. మీటరు పరుగుకు జడిసి, చెప్పవలసినవన్నీ ముందే చీటీపై రాసుకునేవాణ్ణి.

2003లో వచ్చే కాల్‌పై రుసుము తొలగింది. క్రమంగా ఫోను బరువు తగ్గింది, తెర విస్తరించింది. 2022 అక్టోబరు 1న ఢిల్లీ ప్రగతి మైదానంలో 5జీ సేవలకు ప్రారంభోత్సవం జరిగింది. నేడు అమ్మ ముఖం నా అరచేతిలోనే కనిపిస్తున్నది.

అయినా గత ఆదివారం ఆమె మాట్లాడుతుండగా నేను వేరే సందేశాలు చదువుతున్నాను. ‘‘పనిలో ఉన్నట్టున్నావు నాయనా, పెట్టేస్తాను’’ అన్నది.

మిత్రులారా, ఈ ఆదివారానికి మళ్లీ చీటీ రాసుకున్నాను.