ఊడదీసే ముందు ఒక్క ప్రశ్న

మన క్లాసు వాట్సాప్ గ్రూపులో ఎవడైనా మాడిఫై చేసిన బండి ఫోటో పెడితే ఐదు నిమిషాల్లో మంటల ఎమోజీలతో స్క్రీన్ నిండిపోతుంది. అదే ఎవడైనా "ఇవాళ చైన్ క్లీన్ చేశా" అని ఫోటో పెడితే ఒక్కడూ పట్టించుకోడు. నేనూ ఆ గుంపులో వాణ్ణే. కాబట్టి ఎవరికీ క్లాసు పీకడానికి ఇది రాయడం లేదు. నేను చేసిన ఒక వెధవ పని గురించి, దాని తర్వాత నాకు కుదిరిన ఒక అభిప్రాయం గురించి రాస్తున్నా. చిన్నప్పటి నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగులో తప్పులుంటే ఎడిటర్ అన్న సరిచేస్తాడని ధైర్యం.

నా అభిప్రాయం ఇది. మన నెల్లూరు తీరంలో బండికి చేయాల్సిన మొదటి కస్టమైజేషన్ దాన్ని ఉప్పుగాలి నుంచి కాపాడుకోవడం. రెండోది మన వెనక కూర్చునే మనిషికి సరిపోయేలా ఉంచడం. మిగతా షోకులన్నీ ఆ తర్వాతే.

మా ఊరు నెల్లూరు నుంచి మైపాడు వెళ్ళే దారిలో ఉంటుంది. మా నాన్న రొయ్యల గుంటల దగ్గర పని చేస్తాడు. ఆయన బండి పాత స్ప్లెండర్. నాకు లైసెన్స్ వచ్చాక అది సగం నాదైపోయింది. మా ఇంట్లో గరాజ్ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఇంటి పక్కన రేకుల కింద ఆరడుగుల చోటు, గోడకి ఒక బల్బు, పాత పెయింట్ డబ్బాలో నాన్న పానాలు, అంతే. పోయిన వేసవి సెలవుల్లో యూట్యూబ్ చూసి అక్కడే మొదలుపెట్టా. శారీ గార్డ్ పీకేశా. ఫుల్ చైన్ కవర్ తీసేశా. వెనక మడ్ గార్డ్ కింద వేలాడే రబ్బరు ముక్క కోసేశా. బండి సన్నగా, కనపడే చైన్ తో, రీల్స్ లో బండిలా తయారైంది. ఫోటోకి నలభై రియాక్షన్లు. ఆ రోజు నా ఆనందం మామూలుగా లేదు.

ఆగస్టులో ఒక పెళ్ళికి అమ్మని ఎక్కించుకుని బయల్దేరా. మన దగ్గర చీర కట్టుకున్నవాళ్ళు ఎడమవైపుకి కాళ్ళు వేసి కూర్చుంటారు. స్ప్లెండర్ కి చైన్ ఉండేదీ ఎడమవైపే. శారీ గార్డ్ తో పాటు కాళ్ళు పెట్టుకునే పట్టీ కూడా పోయింది కాబట్టి అమ్మ కాళ్ళు గాల్లో వేలాడుతున్నాయి. ఊరు దాటాక స్పీడ్ బ్రేకర్ దగ్గర స్లో చేశా. వెనక నుంచి "రేయ్" అని ఒక్క కేక. చీర కుచ్చిళ్ళు చైన్ లోకి పోయి స్ప్రాకెట్ కి చుట్టుకున్నాయి. స్పీడ్ లేదు కాబట్టి పక్కకి పడిపోయింది. మోచేయి, మోకాలు గీరుకుపోయాయి, అరచేతికి మూడు కుట్లు పడ్డాయి. అరవై స్పీడ్ లో ఉండుంటే ఏమయ్యేదో నేను ఇప్పటికీ పూర్తిగా ఆలోచించలేను.

ఆ సాయంత్రం అమ్మ తిట్టలేదు. "ఆ రేకు ఎందుకు పీకినావురా?" అని అడిగింది.

"ఊరికే."

"ఊరికేనా?" అంది, అంతే.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. నిజంగానే అది ఎందుకు ఉందో నేను ఒక్కసారి కూడా అడగలేదు. చూడ్డానికి బాలేదు, తీసేశా. మన సీఎస్ఈ భాషలో చెప్పాలంటే, పాత ప్రాజెక్టులో ఎవరో రాసిన ఫంక్షన్ ని "ఇది ఎక్కడా వాడినట్టు లేదే" అని డిలీట్ చేసినట్టు. ల్యాబ్ లో అయితే ఎర్రర్ వస్తుంది, అన్‌డూ కొడతాం. ఇక్కడ ఎర్రర్ అమ్మ చేతికి వచ్చింది.

తర్వాత చదివితే తెలిసింది, శారీ గార్డ్ కంపెనీ వాళ్ళు అందం కోసం పెట్టింది కాదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం ప్రకారం ప్రతి మోటార్ సైకిల్ కీ వెనక కూర్చునేవాళ్ళు పట్టుకోవడానికి పిడి, కాళ్ళు పెట్టుకునే ఫుట్ రెస్ట్, వాళ్ళ బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలి. అంటే మన అమ్మలు, అక్కలు, అమ్మమ్మలు ఎలా కూర్చుంటారో చూసి మన దేశం బండికి చేసుకున్న కస్టమైజేషన్ అది. నేను కస్టమైజేషన్ అనుకుని, ఉన్న కస్టమైజేషన్ ని పీకేశా.

మరి ఈ భాగాలన్నీ పీకేసే స్టైల్ ఎక్కడిది? 1950, 60ల్లో ఇంగ్లండ్ లో కుర్రాళ్ళు లండన్ లోని ఏస్ కెఫే లాంటి చోట్ల కలిసి బండ్ల మీద పందేలు వేసుకునేవాళ్ళు. వేగం కోసం బరువు తగ్గించాలి కాబట్టి అక్కర్లేనివన్నీ తీసేసేవాళ్ళు. దాన్నే కెఫే రేసర్ అంటున్నాం. అమెరికాలో మడ్ గార్డ్ కోసేసిన బండ్లు బాబర్ అయ్యాయి. వాళ్ళ రోడ్డుకి, వాళ్ళ అవసరానికి అవి సరిపోయాయేమో. వాళ్ళ వెనక చీర కట్టుకున్న అమ్మ కూర్చోలేదు. వాళ్ళ ముందు రొయ్యల గుంటల బురద కార్చుకుంటూ ట్రాక్టర్ పోలేదు.

ఇక చైన్ కవర్ సంగతి. అమ్మ పడిపోయాక బండి కిందకి వంగి చూస్తే, చైన్ లింకుల మధ్య ఇటుక రంగు పొడి. కవర్ ఉన్నన్నాళ్ళూ నల్లగా నూనెతో ఉన్న చైన్ మూడు నెలల్లో అలా అయింది. కారణం మన ఇంటర్ కెమిస్ట్రీలోనే ఉంది. సముద్రం మీది గాలి ఉప్పు తుంపరని మోసుకొస్తుంది. వానాకాలంలో గళ్ళ ఉప్పు జాడీ మూత తీసి పెడితే ఉప్పు నీరు కారుతుంది కదా, బండి మీద పడిన ఉప్పూ అంతే, గాలిలో తేమని లాక్కుంటుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్ అయితే గాలి కొంచెం పొడిగా ఉన్నప్పుడు కూడా లాగుతుంది. అంటే వాన పడకపోయినా ఇనుము మీద ఒక పల్చటి ఉప్పునీటి పొర ఉంటూనే ఉంటుంది. తుప్పుకి కావాల్సిందల్లా ఇనుము, తేమ, ఆక్సిజన్. ఉప్పు ఆ పనిని వేగం చేస్తుంది. హైదరాబాద్ లో వీడియో తీసినవాడికి ఓపెన్ చైన్ ఆరు నెలలు మెరుస్తుందేమో. మైపాడు రోడ్డులో మెరవదు.

ఇంకో తప్పు కూడా చేశా. ప్రతి ఆదివారం మా బోరు నీళ్ళతో బండి కడిగేవాణ్ణి. మా వైపు చాలా బోర్లలో నీళ్ళు ఉప్పన. అంటే ఉప్పు పోగొట్టడానికి ఉప్పునీళ్ళే కొడుతున్నా! ఇప్పుడు బోరు నీళ్ళతో బురద వదిలించి, చివర్లో ఒక్క బకెట్ మంచినీళ్ళు పోసి, పొడి గుడ్డతో తుడుస్తున్నా. అమ్మకి ఆ బకెట్ మీద అభ్యంతరం ఉంది కానీ ఒప్పుకుంది.

ఇంకోటి, ఆన్‌లైన్ లో మెరిసే స్టెయిన్‌లెస్ బోల్టులు కొని ఇంజిన్ కవర్ కి బిగించా, ఇక తుప్పే రాదని. బోల్టుకి రాలేదు. కానీ కవర్ అల్యూమినియం. రెండు వేరు వేరు లోహాలు ఉప్పునీటిలో తగిలి ఉంటే చిన్న బ్యాటరీలా పని చేస్తాయి, అరిగిపోయేది అల్యూమినియం. మరల చుట్టూ తెల్లటి పొడి పట్టి బోల్టు బిగుసుకుపోయింది. నాన్న నూనె వేసి ఒక రాత్రి నాననిచ్చి మెల్లగా తీశాడు. మరలకి ముందే కొంచెం గ్రీజు పూసి బిగించి ఉంటే సరిపోయేది.

అప్పుడే నాన్న బండిని మొదటిసారి సరిగ్గా చూశా. సైడ్ స్టాండ్ కింద అరచేతి వెడల్పు రేకు వెల్డింగ్ చేసి ఉంది, గుంటల గట్టు మీద ఇసకలో స్టాండ్ దిగబడకుండా. నేను కోసేసిన రబ్బరు ముక్క పాత టైరుది, వెనక వచ్చేవాళ్ళ మొహాన బురద కొట్టకుండా ఆయనే బోల్టు వేసుకున్నది. బ్యాటరీ టెర్మినల్స్ మీద వ్యాజిలైన్, పచ్చటి చిలుము పట్టకుండా. ఇవన్నీ కస్టమైజేషన్ కాకపోతే మరేంటి? ఎవరూ రీల్ చేయలేదు కాబట్టి నాకు కనపడలేదు. తెల్లారి చేపలమ్మే అన్నలు ఎక్సెల్ బండి వెనక ఐస్ పెట్టె కట్టుకోవడానికి చేయించుకున్న ఇనప స్టాండ్లు చూడండి. ఆ బండి ఎవరిదో, ఏ పనికి పోతుందో చూడగానే తెలిసిపోతుంది.

"ఏం పని చేస్తుండాదో తెలుసుకోకుండా నట్టు మీద పానా పెట్టబాక" అన్నాడు నాన్న. కవర్, గార్డ్ మళ్ళీ ఇద్దరం కలిసే బిగించాం.

చట్టం కూడా ఇందులో ఉంది. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న కంపెనీ వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. పోలీసులు సైలెన్సర్లని రోడ్డు రోలర్ తో తొక్కించే వీడియోలు మనం నవ్వుకుంటూ చూసినవే. కానీ జరిమానా భయంతో మానేయమని నేను చెప్పను. భయంతో మానేసినవాడు పోలీసు లేని రోడ్డులో మళ్ళీ మొదలుపెడతాడు. ఆ సైలెన్సర్ చప్పుడుకి ఏ ఇంట్లో చంటిబిడ్డ ఉలిక్కిపడి లేస్తుందో తెలిస్తే మానేస్తాడు.

"అయితే బండిని ముట్టుకోవద్దంటావా, సర్వీస్ సెంటర్ లో పడేస్తే పోలా?" అని మా రూమ్మేట్ అడిగాడు. నేను చెప్పేది దానికి పూర్తిగా తిరకాసు. ముట్టుకోండి, ఇంకా ఎక్కువ ముట్టుకోండి. చైన్ తుడిచి నూనె వేయడం, మాన్యువల్ లో రాసినంత వదులు ఉందో లేదో చూడటం, ప్లగ్ తీసి చూడటం, ఇంజిన్ ఆయిల్ మార్చడం ఇవన్నీ మన రేకుల షెడ్డులో అయ్యే పనులే. రెండే జాగ్రత్తలు చెప్తా. ఇంజిన్ నడుస్తుండగా చైన్ తుడవొద్దు, వేళ్ళు పోతాయి. తీసిన పాత ఆయిల్ కాలవలో పోయొద్దు, ఆ నీళ్ళు పోయేది గుంటలకే.

కొత్త బండ్లకి ఇంకో చిక్కు ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 వచ్చాక చాలా బండ్లలో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. మీటర్ లో పసుపు లైటు వెలిగితే దాని కోడ్ చదవడానికి పరికరం కావాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో రిపేర్ హక్కు మీద కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబర్ 24న పోర్టల్ తెచ్చింది. అందులో వాహనాలు కూడా ఉన్నాయి. కోడ్ చదవడం, దాని అర్థం తెలుగులో ఒక పేజీ రాసి మన ఊరి మెకానిక్ కి ఇవ్వడం మన సీఎస్ఈ వాళ్ళు చేయగల పని. మాడిఫై చేయాలనే దురద ఉంటే అక్కడ గోక్కోవచ్చు.

రంగు స్టిక్కర్లు వేసుకోండి, మెత్తటి సీటు కుట్టించుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నేనూ ట్యాంక్ కి ఒక స్టిక్కర్ ఉంచుకున్నా. కానీ ఏదైనా తీసే ముందు "ఇది ఎందుకు ఉంది?" అని ఒక్కసారి అడగండి. జవాబు తెలియకపోతే ఆ రోజుకి పానా పక్కన పెట్టేయండి.

అమ్మ చేతి కుట్లు మానిపోయాయి. నా బండి ఎక్కుతుంది కూడా. కానీ ఇప్పటికీ ఎక్కగానే కుచ్చిళ్ళన్నీ పోగేసి గుప్పిట్లో గట్టిగా పట్టుకుని, దిగేదాకా వదలదు. గార్డ్ ఉందమ్మా అని చెప్తా. "ఉందిలే" అంటుంది, గుప్పిట మాత్రం విప్పదు.

మీ బండి నుంచి మీరు తీసేసిన భాగం ఏది, అది ఎందుకు ఉండేది? తెలిసినవాళ్ళు వచ్చే సంచికకి రాసి పంపండి. తెలియనివాళ్ళు ముందు ఇంట్లో అడిగి చూడండి.