కొబ్బరినూనె: సగం నిజం

సంపాదకులకు,

కొబ్బరినూనెలో కొలెస్టరాల్ ఉండదు గనుక అది గుండెకు నిరపాయమన్న గత సంచిక వ్యాసం సగం నిజమే చెప్పింది. ఆ నూనెలో దాదాపు 90 శాతంగా ఉన్న సంతృప్త కొవ్వు, అంటే చలికి సీసాలోనే గడ్డకట్టే తరహా కొవ్వు, రక్తంలోని ఎల్‌డీఎల్‌ను, అనగా ధమనుల గోడల్లో పేరుకునే కొలెస్టరాల్‌ను, కాలేయం తొలగించే వేగాన్ని తగ్గిస్తుంది. ఆత్రేయపురం పూతరేకు మడతల్లోని నేతిలో ఉండే సంతృప్త కొవ్వుకూ ఇదే వర్తిస్తుంది. పప్పులు, బెండకాయల్లోని కరిగే పీచు పైత్యరస ఆమ్లాలను పట్టి బయటకు పంపగా, కాలేయం వాటిని మళ్లీ తయారుచేసుకోవడానికి రక్తంలోని కొలెస్టరాల్‌నే వాడుకుంటుంది. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, గోదావరి గట్టున సులభసాధ్యమే, ప్రధానంగా ట్రైగ్లిజరైడ్లనే, అంటే రక్తంలోని మరో తరహా కొవ్వునే, తగ్గిస్తుంది. వంశపారంపర్యంగా ఎల్‌డీఎల్ అధికంగా ఉన్నవారు మాత్రం ఆహారాన్నే నమ్ముకుని వైద్యుడు రాసిన మాత్రలు మానరాదు.

— ఒక పాఠకుడు, ధవళేశ్వరం