రెండు భాషల పిల్లాడికి ఒక భాషలో పరీక్ష

మా అబ్బాయికి మూడున్నరేళ్ళప్పుడు డేకేర్‌లో టీచరుగారు మమ్మల్ని పక్కకి పిలిచి, "మీవాడు వాక్యాలు కలపడం లేదు, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి" అన్నారు. ఇండియాకి ఫోన్ చేస్తే మా అమ్మ, "నీకూ నాలుగేళ్ళ దాకా మాటలు రాలేదురా, వాడికీ అవే వస్తాయి" అని తేలిగ్గా తీసిపారేసింది. మేం ఇద్దరి మాటా విన్నాం. ఆరు నెలలు తెలుగు మానేశాం, ఎవరికీ చూపించలేదు. వాడికి ఇంగ్లీషు రాలేదు సరికదా, నానమ్మతో ఫోన్లో మాట్లాడే ఆ నాలుగు ముక్కలూ పోయాయి.

చివరికి తేలిందేమిటంటే, వాడిది డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్. వినికిడి బాగానే ఉంటుంది, పైకి మరే కారణమూ కనబడదు, భాష పట్టుబడడమే కష్టమవుతుంది. సుమారు నూటికి ఏడుగురు పిల్లల్లో ఉంటుందని అంచనా. అంటే మన తెలుగు సంఘం ఉగాది వేడుకలకి వందమంది పిల్లలొస్తే అందులో ఆరేడుగురన్నమాట.

మన భాషలో చెప్పాలంటే, ఒకే మెషీన్ మీద విండోస్, లినక్స్ రెండూ ఉన్నాయనుకోండి. ఒకదాంట్లోనే సౌండ్ రాకపోతే డ్రైవర్‌ని అనుమానిస్తాం. రెండింట్లోనూ రాకపోతే కార్డునే అనుమానిస్తాం. ఈ ఇబ్బంది కూడా పిల్లాడి రెండు భాషల్లోనూ కనబడుతుంది. తెలుగు మానిపించడమంటే కార్డు పాడైతే లినక్స్‌ని చెరిపేయడమే!

మరి ఇంగ్లీషులో మాత్రమే పరీక్షిస్తే ఏమవుతుంది? "హీ గో", "ఎస్టర్‌డే ఐ ప్లే" లాంటి తప్పులు ఈ లోపమున్న పిల్లలూ చేస్తారు, కొత్తగా ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలూ చేస్తారు. దాంతో ఏ లోపమూ లేని పిల్లాడికి ముద్ర పడొచ్చు. నిజంగా లోపమున్నవాడిని "రెండు భాషల గందరగోళంలే" అని వదిలేయనూ వచ్చు.

పోనీ ఆ పరీక్షనే తెలుగులోకి అనువదిస్తే? కుదరదు. ఒక్కో భాష ఒక్కో చోట విరుగుతుంది. ఇటాలియన్ పిల్లల్లో క్రియకి అంటుకునే చిన్న సర్వనామాలని వదిలేయడం, అర్థం లేని పదాలని విని తిరిగి చెప్పలేకపోవడం ముఖ్యమైన ఆనవాళ్ళని పరిశోధకులు గుర్తించారు. మనకి వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది అంటూ బరువంతా క్రియ చివర ఉంటుంది. తెలుగు ఎక్కడ విరుగుతుందో తెలుగు పిల్లల మాటల్లోనే వెతకాలి. పైగా గుంటూరు పిల్లల లెక్కలు తెచ్చి టొరాంటో పిల్లలకి అతికించలేం. వీళ్ళకి పాలు, అన్నం తెలుగులో, స్నాక్, సర్కిల్ టైమ్ ఇంగ్లీషులో వస్తాయి. రెండూ కలిపి లెక్కెయ్యాలి.

ఈలోగా ఒక మంచి దారి కెనడాలోనే ఉంది. ఆల్బెర్టా విశ్వవిద్యాలయంలో జొహాన్ పారడీ బృందం 2010లో ప్రచురించిన ప్రశ్నావళి అది. పిల్లాడిని కాదు, తల్లిదండ్రులని అడుగుతుంది: తొలి మాటలు ఎప్పుడొచ్చాయి, ఇంటి భాష ఇప్పుడెలా ఉంది, ఎలాంటి ఆటలు ఇష్టం, కుటుంబంలో ఇంకెవరికైనా ఇలా ఉందా అని. ఇంటి భాష ఏదైనా పనికొస్తుంది. లోపం లేనివాళ్ళని బాగానే గుర్తిస్తుంది కానీ, ఉన్నవాళ్ళలో కొందరిని వదిలేస్తుంది. అందుకే అదొక్కటే చాలదు. చివరి ప్రశ్న దగ్గర నాకు చెమటలు పట్టాయి. అమ్మ ధైర్యం చెప్పడానికి అన్న మాటే అక్కడ హెచ్చరిక!

మనవాళ్ళలో ఎవరో ఒకరు రేపోమాపో దీనికొక యాప్ రాసేస్తారు. నా అభిప్రాయం, తొందరపడొద్దు. పెద్దల గొంతులతో శిక్షణ పొందిన స్పీచ్ రికగ్నిషన్‌కి మూడేళ్ళ పిల్లాడి తెలుగు సరిగా అందదు. ముందు కావలసింది డేటా. 1984లో మొదలైన చైల్డ్స్ భాండాగారంలో, ఈ లోపమున్నవాళ్ళతో సహా, ఇటాలియన్ పిల్లల సంభాషణలు ఉన్నాయి. ప్రవాసంలో పెరిగే మన పిల్లల మాటలని, తల్లిదండ్రుల అనుమతితో, భాషావేత్తల పర్యవేక్షణలో అలా పోగుచేస్తే అది మనం చేయగల పని. రోగనిర్ణయం మన పని కాదు.

అనుమానం ఉంటే మాత్రం ఆగకండి. ఒంటారియోలో బడి వయసు లోపు పిల్లలకి ప్రభుత్వ స్పీచ్ కార్యక్రమం ఉచితం, డాక్టరు ఉత్తరం అక్కర్లేదు, మీరే ఫోన్ చేయొచ్చు. వినికిడి పరీక్ష కూడా చేయించండి. ఇంట్లో తెలుగు మాత్రం ఆపకండి. మావాడు మొన్న ఫోన్లో "నానమ్మా, నువ్వు ఎప్పుడు వస్తావు?" అన్నాడు. ఆ "వస్తావు" కోసం ఏడాదిన్నర పట్టింది.