చుక్క చాటు భద్రత

లినక్స్ నేర్చుకునేవారికి తొలి రోజుల్లోనే వినబడే మాట ఒకటుంది: పేరు ముందు చుక్క ఉన్న ఫైళ్లు సిస్టమ్‌వి, అవి కనబడకుండా ఉండటమే క్షేమం, వాటి జోలికి వెళ్లొద్దు. పెద్దల జాగ్రత్తలా తోచే ఈ మాట పరీక్షకు నిలవదు.

అసలు ఈ దాపరికం ఎవరూ ఆలోచించి చేసిన ఏర్పాటే కాదు. బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ రూపుదిద్దుకుంటున్న కాలంలో ప్రతి డైరెక్టరీలోనూ ఉన్నచోటును తెలిపే ఒంటి చుక్క, పై డైరెక్టరీని తెలిపే జంట చుక్కలు వచ్చి చేరాయి. ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కమాండ్ కొట్టిన ప్రతిసారీ ఆ రెండూ ప్రత్యక్షమవుతుంటే చికాకే కదా. వాటిని తప్పించడానికి ప్రోగ్రామ్‌లో చిన్న షరతు పెట్టారు: మొదటి అక్షరం చుక్క అయితే ఆ పేరు వదిలెయ్. ఆ రెండు పేర్లనే సరిచూడాల్సిన చోట ఒక్క అక్షరంతో సరిపెట్టేశారు. దాంతో చుక్కతో మొదలయ్యే ప్రతి ఫైలూ జాబితాలోంచి జారిపోయింది. అక్కడే పనిచేసిన రాబ్ పైక్ 2012లో ఈ సంగతి రాస్తూ, దాచిన ఫైలు అనే భావనే పొరపాటున పుట్టిందన్నారు.

ఇక అవి సిస్టమ్‌వి అనడం. హోమ్ డైరెక్టరీలో, దాచినవాటినీ చూపే ఎల్‌ఎస్ హైఫన్ ఏ కొట్టి చూడండి. షెల్ సెట్టింగులుండే డాట్ బాష్‌ఆర్‌సీ, కొట్టిన కమాండ్లు నమోదయ్యే డాట్ బాష్ హిస్టరీ, లాగిన్ కీలుండే డాట్ ఎస్‌ఎస్‌హెచ్... అంతా వాడేవారి సొంత సరుకే. కమాండ్‌లోనే పాస్‌వర్డ్ టైప్ చేస్తే అది హిస్టరీ ఫైల్లో ఉన్నదున్నట్టు కూర్చుంటుంది. చొరబడినవాడు మళ్లీ రావడానికి తన కీని చేర్చుకునేది కూడా డాట్ ఎస్‌ఎస్‌హెచ్‌లోని ఆథరైజ్డ్ కీస్ ఫైల్లోనే. జోలికి వెళ్లని యజమానికి ఇవేవీ తెలియవు.

క్షేమం మాటకొస్తే, చుక్క ఏ అనుమతినీ మార్చదు. ఎల్‌ఎస్ చూపని ఫైలును ఫైండ్ చూపుతుంది, క్యాట్ చదివి పెడుతుంది. ప్రైవేట్ కీని ఇతరులు చదవగలిగేలా వదిలేస్తే ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని వాడటానికే ఒప్పుకోదు. అది చూసేది అనుమతులనే, చుక్కను కాదు. వెబ్‌సైట్ ఫోల్డర్లో మార్పుల చరిత్ర ఉండే డాట్ గిట్, పాస్‌వర్డ్‌ల వంటివి ఉండే డాట్ ఈఎన్‌వీ వదిలేసి సర్వర్‌లో అడ్డు పెట్టకపోతే, అడ్రస్ ఊహించినవాడు బ్రౌజర్‌లోనే వాటిని తెరుస్తాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుంది ఈ ధీమా.

నష్టం దొంగల వల్లే కాదు. బాష్‌లో స్టార్ గుర్తు మామూలుగా చుక్క పేర్లను పట్టదు. ప్రాజెక్టు ఫోల్డర్లోకి వెళ్లి సీపీ హైఫన్ ఆర్ స్టార్‌తో కొత్త డిస్కుకు నకలు తీస్తే డాట్ గిట్ పాతచోటే ఉండిపోతుంది. ఆ తర్వాత పాత డిస్కును ఫార్మాట్ చేస్తే మార్పుల చరిత్ర మొత్తం పోయినట్టే.

అన్నీ చూపితే తెర నిండిపోతుందన్న అభ్యంతరం నిజమే. కానీ ఆ చెత్త పేరుకుపోవడానికి దాపరికమూ ఒక కారణం: ఎవరికీ కనబడదు గనుక ప్రతి ప్రోగ్రామూ హోమ్‌లో తన ఫైలు పడేసి పోయింది. సెట్టింగులను డాట్ కాన్ఫిగ్‌లో, తాత్కాలిక సరుకును డాట్ క్యాష్‌లో సర్దమనే ఎక్స్‌డీజీ పద్ధతి దీనికి సరైన జవాబు. ఫ్రీబీఎస్‌డీలోనైతే రూట్‌గా, అంటే నిర్వాహకులుగా ఉన్నవారికి ఎల్‌ఎస్ చుక్క ఫైళ్లను అడగకుండానే చూపుతుంది. బాధ్యత ఉన్నవారికి దాచకూడదని ఒప్పుకున్నట్టే కదా!

కాబట్టి లినక్స్ పాఠం చెప్పేవారు మొదటి రోజే ఎల్‌ఎస్‌తోపాటు హైఫన్ పెద్ద ఏ నేర్పాలి. అది ఆ రెండు చుక్క పేర్లను మాత్రమే వదిలి మిగతావన్నీ చూపుతుంది. రహస్యమున్న ఫైలుకు, యజమాని ఒక్కరే చదివి రాయగలిగేలా, సీహెచ్‌మోడ్ 600 పెట్టడం రెండో పాఠం కావాలి.