రేడియో ఉందిగా అమ్మా!

చలికాలం వచ్చిందంటే మా ఇంట్లో శనివారాలు నావి కావు. తెల్లవారుజామున నాలుగింటికే లేచి, పులిహోర కలిపి డబ్బాల్లో సర్ది, టాహో కొండల దారి పట్టాలి. పదిహేనేళ్ళ మావాడికి స్నోబోర్డ్ పిచ్చి. వాడు పైన జారుతుంటే నేను కింద లాడ్జిలో కిటికీ పక్కన కూర్చుని కొండ వంక చూస్తుంటాను. అంత దూరం నుంచి అందరూ చీమల్లా కనిపిస్తారు, అందులో మన చీమ ఏదో ఎలా తెలుస్తుంది చెప్పండి?

నిరుడు ఒకరోజు ఉన్నట్టుండి మంచు మొదలైంది. ఫోన్‌లో వాడి లొకేషన్ చూస్తే గంట క్రితం ఉన్న చోటే చూపిస్తోంది. నా కాళ్ళూ చేతులూ ఆడలేదు. తీరా చూస్తే చలికి వాడి ఫోన్ ఆగిపోయిందట, అంతే. ఆ వారమే జీపీఎస్ ఉన్న వాకీటాకీలు రెండు కొనిపించాను. ‘ఫోన్లుండగా ఇవెందుకూ, డబ్బు దండగ’ అన్నారు మా ఆయన.

దండగేం కాదు. దీనికి సెల్ టవర్‌తో పని లేదు. వాడు మాట్లాడి బటన్ వదలగానే, వాడున్న చోటు నా రేడియో మ్యాపు మీద చుక్కలా పడుతుంది. పవర్ ఎక్కువున్న రకానికి ఎఫ్‌సీసీ లైసెన్సు తీసుకోవాలి. పరీక్షేమీ లేదు, 35 డాలర్లు కడితే 10 ఏళ్ళు, ఇంటిల్లిపాదికీ చెల్లుతుంది. అయితే డబ్బా మీద రాసిన మైళ్ళు నమ్మకండి. మధ్యలో కొండ అడ్డొస్తే గరగర తప్ప ఏమీ వినపడదు. ప్రైవసీ కోడ్ అని ఉంటుంది, పేరుకే అది. ఒకసారి నేను ‘పులిహోర చల్లారిపోతోంది రారా’ అంటే ఎవరో తెలుగాయన ‘మాకూ ఉందాండీ’ అన్నారు!

ఇంతవరకూ బాగానే ఉంది. నా గొడవల్లా వేరే. రేడియో వచ్చాక మావాడు కొత్త పాట ఎత్తుకున్నాడు. ‘రేడియో ఉందిగా అమ్మా, నేనొక్కణ్ణే చెట్లలోకి వెళ్తా.’ నాలాంటి తల్లులు కొందరు దీనికి సరేనంటున్నారు కూడా. చుక్క కనిపిస్తోందిగా అని ధీమా.

చుక్క చోటు చెబుతుంది. పిల్లాడెలా ఉన్నాడో చెప్పదు. మెత్తటి మంచు బాగా పడ్డ రోజున పెద్ద చెట్ల మొదళ్ళ చుట్టూ గుల్లగా గుంటలేర్పడతాయి. తలకిందులుగా అందులో పడితే సొంతంగా బయటికి రావడం చాలా కష్టం, ఊపిరాడదు. ఉన్న టైము నిమిషాల్లోనే. కింద కాఫీ తాగుతున్న నేను చుక్క కదలట్లేదని గమనించి, ఎవరినో పిలిచి, వాళ్ళు పైకెళ్ళేసరికి ఏం మిగులుతుంది? పక్కన, కనుచూపుమేరలో, ఇంకో పిల్లాడుంటే వాడే లాగాలి. మంచుచరియల కింద చిక్కినవాళ్ళను వెతికే బీకన్ వేరే పరికరం, ఈ రేడియో ఆ పని చెయ్యదు.

అందుకే మా ఇంట్లో రేడియో అనేది తోడుతో పాటే, తోడుకి బదులు కాదు. అదుపాజ్ఞలంటారా, అనుకోండి. కొనిపించింది నేనే, షరతు పెట్టే హక్కూ నాదే.

ఈ శనివారం వాడి స్నేహితుడికి జ్వరం. వెళ్ళొద్దన్నాను. నిన్నటి నుంచి మావాడు నాతో మాట్లాడట్లేదు. రేడియోలు రెండూ వంటింటి గట్టు మీద ఛార్జింగులో ఉన్నాయి.